గోడ మీద విలువలు రాసేముందు గేటు దగ్గర ఏం జరుగుతోందో చూడండి మేడమ్

మేడమ్, మీరు అడిగింది చూడ్డానికి రెండు ప్రశ్నల్లా ఉంది. కొత్తగా ఎలిమెంటరీ స్కూల్‌కి హెచ్ఎంగా వచ్చారు, స్కూల్ విలువలు ఏంటో రాసి గోడ మీద పెట్టమని పైనుంచి చెప్పారు, ఏం రాయాలి అనేది ఒకటి. పేరెంట్స్ మీటింగ్ పెడితే క్లాసుకి నలుగురైదుగురు కూడా రావట్లేదు, వచ్చేది కూడా ఎప్పుడూ బాగా చదివే పిల్లల వాళ్ళే, మిగతావాళ్ళని ఎలా రప్పించాలి అనేది రెండోది. నా సర్వీసంతా చిన్న క్లాసుల పిల్లల మధ్యే గడిచింది, ముందు టీచర్‌గా, తర్వాత హెచ్ఎంగా. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఈ రెండూ ఒకటే ప్రశ్న. ఒక స్కూల్ విలువలేంటో తల్లిదండ్రులకి గోడ చూస్తే తెలియదు, తమతో ఆ స్కూల్ ఎలా మాట్లాడుతుందో చూస్తే తెలుస్తుంది, అలా తెలిసినదాన్ని బట్టే వాళ్ళు వస్తారు, లేదా రావడం మానేస్తారు.

అందుకే పెయింటర్‌ని పిలిచేముందు కొన్నాళ్ళపాటు ఉదయం బడి మొదలయ్యేటప్పుడు, సాయంత్రం వదిలేటప్పుడు గేటు దగ్గర నిలబడండి. ఎవర్నీ ఏమీ అనొద్దు, ఊరికే చూడండి. లేటుగా వచ్చిన పిల్లని లోపలికి ఎలా తీసుకుంటున్నారు, వాళ్ళమ్మ ఎదురుగానే కసురుతున్నారా, ఏమైంది తల్లీ అని అడుగుతున్నారా. అప్లికేషన్ పట్టుకుని ఎవర్ని అడగాలో తెలియక నిలబడ్డ నాన్నని ఎవరైనా పలకరిస్తున్నారా. ఆఫీస్ రూమ్‌లోకి వచ్చిన పేరెంట్‌కి కుర్చీ ఉందా, ఇది చాలా చిన్న విషయం అనుకుంటాం గానీ నేను మాత్రం ఏ స్కూల్‌కి వెళ్ళినా మొదట చూసేది అదే. మంచి బట్టలేసుకుని వచ్చినాయన్ని కూర్చోమని చెప్పి, పని మధ్యలోంచి పరుగెత్తుకొచ్చిన తల్లిని తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడే స్కూల్ ఉంటే, ఆ గోడ మీద అందరూ సమానమే అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ తల్లి దాన్ని నమ్మదు, ఆమె పక్కన నిలబడి ఇదంతా చూసిన పిల్ల అసలే నమ్మదు.

ఇంకోటి కూడా గమనించండి, పిల్లల ముందే పిల్లల గురించి ఎలా మాట్లాడుతున్నాం అనేది. "మీవాడికి బుర్రకెక్కదండి" అని వాడు వినేలా చెప్పామంటే వాడికి ఆరోజు పాఠం అదే, ఇంటికెళ్ళాక మనం ఇచ్చిన హోంవర్క్ కాదు.

ఇప్పుడు ఏం రాయాలి అన్నదానికి వస్తాను. గౌరవం, క్రమశిక్షణ, నిజాయితీ, సహకారం, శ్రేష్ఠత అని పది మాటలు వరసగా రాసేస్తే పని అయిపోతుంది, కానీ అవి ఏ స్కూల్ గోడ మీదికైనా సరిపోతాయి, అందుకే ఎవరికీ పట్టవు. నా సలహా ఏంటంటే మూడో నాలుగో రాయండి, అవి కూడా పిల్లలు ఎలా ఉండాలి అని కాకుండా ఇక్కడి పెద్దవాళ్ళం మేం ఏం చేస్తాం, ఏం చేయం అని పూర్తి వాక్యాల్లో రాయండి. ఉదాహరణకి, ఈ స్కూల్లో ఒక పిల్లని ఇంకో పిల్లతో పోల్చి మాట్లాడం. తప్పు చేసిన పిల్లాడిని ఏం జరిగిందని అడగకుండా శిక్షించం. పిల్లల విషయంలో ఏ ఇబ్బంది కనిపించినా ఇంట్లోవాళ్ళకి మేమే ముందు చెప్తాం, వాళ్ళకి బయటివాళ్ళ ద్వారా తెలిసే పరిస్థితి రానివ్వం. ఇలా రాస్తే ఒక లాభం ఉంది, మనం దాన్ని తప్పినప్పుడు ఎవరైనా వేలెత్తి చూపించగలరు. గౌరవం అనే మాట ఒక్కటే రాస్తే ఎవరూ ఏమీ చూపించలేరు.

రాసేది మీరొక్కరే కూర్చుని రాయొద్దు. టీచర్లని అడగండి, ఆయమ్మని అడగండి, వాచ్‌మన్‌ని అడగండి, వాళ్ళకి మనకి కనపడని స్కూల్ కనపడుతుంది. తల్లిదండ్రుల్ని "మా స్కూల్ విలువలు ఏముండాలి" అని అడిగితే మంచిగా చదువు చెప్తే చాలండి అనేసి వెళ్ళిపోతారు, అందుకని ప్రశ్న మార్చి అడగండి, మీ పిల్లలు ఇక్కడి నుంచి వెళ్ళేసరికి ఎలాంటి మనిషి అవ్వాలని మీకుంది, మీరు చదువుకున్న రోజుల్లో స్కూల్లో మీకు జరిగినది ఏది మీ పిల్లలకి జరగకూడదు అనుకుంటున్నారు. ఈ రెండో ప్రశ్నకి వచ్చే జవాబులు మిమ్మల్ని కదిలిస్తాయి మేడమ్, దెబ్బలు, అవమానాలు, ఫీజు కట్టలేదని బయట నిలబెట్టడం, ఇవన్నీ ఇన్నేళ్ళయినా వాళ్ళ లోపలే ఉంటాయి. పిల్లల్ని అయితే ఇంకా సూటిగా అడగొచ్చు, స్కూల్లో నీకు భయమేసే చోటు ఏది అని. చిన్నపిల్లలు దాచుకోరు, బాత్రూమ్ దగ్గర పెద్ద క్లాసువాళ్ళు ఆపుతారనో, ఫలానా మెట్ల కింద చీకటిగా ఉంటుందనో చెప్పేస్తారు. మొదట ఆ చోటు బాగు చేయండి, భద్రత అనే విలువ గోడెక్కకముందే అమల్లోకి వస్తుంది.

ఈ విషయంలో జేమ్స్ కోమర్ అనే ఆయన చేసిన పని గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో పిల్లల మానసిక వైద్యుడు. 1968లో న్యూ హేవెన్ ఊళ్ళో చదువులో బాగా వెనకబడి ఉన్న రెండు ఎలిమెంటరీ స్కూళ్ళు తీసుకుని పని మొదలుపెట్టారు, పేద కుటుంబాల పిల్లలు, హాజరు తక్కువ, టీచర్లకీ ఇళ్ళకీ మధ్య నమ్మకం అసలే లేదు. మొదట్లో అక్కడా గొడవలే, తల్లిదండ్రులు స్కూల్ మీదికి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆయన రాసిన ఒక సంఘటన నేను ప్రతి కొత్త టీచర్‌కీ చెప్తుంటాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు పల్లెటూరి నుంచి బంధువుల దగ్గరికి వచ్చాడు, సోమవారం ఉదయం పనికి వెళ్తూ పిన్నో అత్తో వాడిని స్కూల్లో దింపేసి వెళ్ళిపోయింది. ఎవరో తీసుకెళ్ళి క్లాసులో వదిలారు. అప్పటికే పిల్లలు ఎక్కువై ఉన్న టీచర్ మొహంలో అయ్యో ఇంకొకడా అన్నట్టు ఒక చిరాకు తెలియకుండానే కనిపించింది. వాడికి ఆ ఊరు తెలీదు, ఆ మనుషులు తెలీదు, భయపడిపోయి టీచర్‌ని కాలితో తన్ని బయటికి పరుగెత్తాడు.

మామూలుగా అయితే ఏం చేస్తాం, ఆఫీస్‌కి లాక్కొస్తాం, క్రమశిక్షణ లేదంటాం, శిక్ష వేసి మళ్ళీ అదే క్లాసులోకి పంపిస్తాం, వాడు మళ్ళీ ఏదో చేస్తాడు. కోమర్ బృందం స్టాఫ్‌తో కూర్చుని, ఎనిమిదేళ్ళవాడు తనకి తెలిసిన మనుషులందర్నీ వదిలి ఒక్కసారిగా ఇక్కడికొచ్చి పడితే వాడికి ఎలా ఉంటుంది అని మాట్లాడుకున్నారు. తర్వాత మధ్యలో చేరే పిల్లలకి స్వాగతం చెప్పే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు, స్కూలంతా చూపించడం, తోటి పిల్లలకి పరిచయం చేయడం, ఇలా. దయ అనే విలువ అంటే నా దృష్టిలో ఇదీ, ఒక టీచర్ మంచితనం మీద ఆధారపడకుండా స్కూల్ పద్ధతిలోనే ఉండిపోయింది. ఒకే టీచర్‌తో పిల్లలు వరసగా రెండేళ్ళు ఉండేలా కూడా చేశారు, ఎందుకంటే కొంతమంది పిల్లలకి పెద్దవాళ్ళని నమ్మడానికే ఏడాది పడుతుంది, నమ్మే టైముకి క్లాసు మారిపోతోంది.

ఆయన పెట్టిన నియమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఎవర్నీ నిందించకూడదు అన్నది. తల్లిదండ్రులు, టీచర్లు, హెచ్ఎం కలిసి ఒక కమిటీగా కూర్చునేవాళ్ళు, అక్కడ తప్పెవరిది అనే మాట ఉండదు, ఇప్పుడేం చేద్దాం అనేదే ఉంటుంది, ఓటింగ్ కాకుండా అందరికీ సరే అనిపించేదాకా మాట్లాడుకుంటారు. ఏళ్ళు పట్టింది గానీ 1980ల్లోకి వచ్చేసరికి ఆ పద్ధతిలో నడిచిన స్కూళ్ళ హాజరు, చదువు రెండూ బాగా పైకొచ్చాయి, ఆ పద్ధతి తర్వాత వందల స్కూళ్ళకి పాకింది.

ఇది ఒక డాక్టర్ మంచితనంతో జరిగిపోయిన కథ అనుకోవడానికి లేదు. అమెరికాలోనే చికాగోలో 1990ల్లో ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి ఎలిమెంటరీ స్కూళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 2002లో రాసింది ఏంటంటే, టీచర్లు, తల్లిదండ్రులు, హెచ్ఎం మధ్య నమ్మకం గట్టిగా ఉన్న స్కూళ్ళలో ప్రతి రెండింట్లో ఒకటి లెక్కల్లో, చదవడంలో మెరుగుపడే అవకాశం కనిపించింది, నమ్మకం బాగా తక్కువ ఉన్నచోట అది ఏడింట్లో ఒకటే. ఆ నమ్మకం దేనివల్ల వస్తుంది అంటే నాలుగు చెప్పారు, ఎదుటివాళ్ళ మాట వినే గౌరవం, చేసే పని చేతనవ్వడం, నా గురించి వీళ్ళకి పట్టింపు ఉంది అనిపించడం, చెప్పిందే చేయడం. నాలుగోది దగ్గరే చాలా స్కూళ్ళు జారిపోతాయి. మీటింగ్‌లో తల్లిదండ్రులు తాగే నీళ్ళ సంగతి చెప్తే రాసుకుంటాం, మళ్ళీ మీటింగ్ దాకా దాని ఊసుండదు. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఎవరూ నోరు విప్పరు, నాలుగోసారి రారు. మనమేమో వీళ్ళకి పిల్లల చదువంటే శ్రద్ధ లేదు అంటాం.

శ్రద్ధ లేదు అనే మాట మీ స్టాఫ్ రూమ్‌లో వినిపిస్తే మెల్లగా దాన్ని మాన్పించండి, దయచేసి. నేను చూసినంతలో శ్రద్ధ లేని తల్లిదండ్రులు చాలా అరుదు. రాకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి, చదువు విషయం టీచర్ పని, మనం వేలు పెట్టకూడదు అని నిజంగానే నమ్మేవాళ్ళుంటారు, నాకే చదువు రాదు, నేనొచ్చి ఏం చేస్తాను అనుకునేవాళ్ళుంటారు, నన్ను నిజంగా ఎవరూ పిలవలేదు అనుకునేవాళ్ళుంటారు. హూవర్-డెంప్సీ, శాండ్లర్ అనే పరిశోధకులు 1990ల్లో దాదాపు ఈ మూడే చెప్పారు, ఇది నా పని అనే భావన, నావల్ల అవుతుంది అనే ధైర్యం, మనస్ఫూర్తిగా అందిన పిలుపు. ఇవి మూడూ ఉన్నా కూడా షిఫ్టు మధ్యలో మీటింగ్ పెడితే రాలేరు, ఆ రోజు కూలి పోతుంది, చంటిపిల్లని ఎక్కడ వదలాలి, అది వేరే సంగతి, దాన్ని టైము మార్చి, చిన్నపిల్లల్ని కూడా తీసుకురండి అని చెప్పి మనమే సర్దుకోవాలి.

పిలుపు అన్నానుగా, వాట్సాప్ గ్రూప్‌లో సర్క్యులర్ పెడితే అది పిలుపు కాదు. క్లాస్ టీచర్ ఫోన్ చేసి "మీ పాప గురించి మీకో మంచి విషయం చెప్పాలండి" అంటే అది పిలుపు. ఇక్కడే నేను అందరికీ ఒకే మాట గట్టిగా చెప్తాను, సంవత్సరం మొదట్లో ప్రతి ఇంటికీ స్కూల్ నుంచి వెళ్ళే మొదటి ఫోన్ మంచి వార్తే అయ్యుండాలి. ప్రతి ఇంటికీ అంటే అల్లరి చేసేవాడి ఇంటికి కూడా, ముఖ్యంగా వాడి ఇంటికే. చాలా మంది పేరెంట్స్ స్కూల్ నంబర్ చూడగానే భయపడతారు, ఇప్పుడేం చేశాడో అని. "నిన్న కొత్తగా వచ్చిన పిల్ల ఏడుస్తుంటే మీవాడు వెళ్ళి తన పెన్సిల్ ఇచ్చాడండి, మీకు చెప్దామని చేశాను, అంతే" అని పెట్టేయండి, ఇంకేం అడగొద్దు, ఆ ఫోన్‌లోనే ఫీజు సంగతి కలపొద్దు. ఆ మంచి విషయం నిజమైనది అయ్యుండాలి, మీవాడు బాగా చదువుతున్నాడు లాంటి గాలి మాట అయితే వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అంటే టీచర్ ఆ పిల్లాడిని వారం రోజులు మంచి కోసం గమనించాలి, అసలు లాభం అందులోనే ఉంది, వెతికితే కనిపిస్తుంది, కనిపించాక ఆ టీచర్ వాడిని చూసే చూపే మారుతుంది. రెండు నెలల తర్వాత నిజంగా సమస్య వచ్చి ఫోన్ చేసినప్పుడు ఆ తల్లి చెప్పండి మేడమ్ అంటుంది.

హాజరు విషయంలో కూడా ఒక మంచి సంగతి ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో టాడ్ రోజర్స్, ఏవి ఫెల్లర్ అనే పరిశోధకులు చేసి 2018లో ప్రచురించిన ప్రయోగం. ఎక్కువగా బడి మానేసే పిల్లల ఇళ్ళకి మామూలు ఉత్తరాలు పంపారు, మీ పిల్లలు ఇప్పటిదాకా ఇన్ని రోజులు రాలేదు అని. బెదిరింపు లేదు, సంజాయిషీ అడగడం లేదు. దాంతోనే, మరీ ఎక్కువగా మానేసే పిల్లల సంఖ్య పది శాతం పైగా తగ్గింది. ఎందుకంటే వాళ్ళ తల్లిదండ్రులు తమ పిల్లలు మానేసిన రోజుల్ని దాదాపు సగమే అనుకుంటున్నారట. అప్పుడొకటి అప్పుడొకటి పోయే రోజులు కదా, లెక్క తెలియదు. లెక్క మన రిజిస్టర్‌లో ఉంది, ఇంటికి చెప్పం, చివర్లో మాత్రం కోప్పడతాం. ప్రతి నెలా ఆ లెక్క ఇంటికి పంపండి, వాళ్ళు మాట్లాడే భాషలో, చదవలేని ఇల్లైతే ఫోన్ చేసి చెప్పండి.

ఇళ్ళకి వెళ్ళడం గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. అమెరికాలోనే శాక్రమెంటో అనే ఊళ్ళో 1998లో తల్లిదండ్రులు, టీచర్లు కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు, నాకు దాని షరతులు బాగా నచ్చుతాయి. ఒక్కరే కాకుండా ఇద్దరు వెళ్ళాలి, ముందే అడిగి ఇంటివాళ్ళు సరే అంటేనే వెళ్ళాలి, టీచర్‌కి ఇష్టమైతేనే వెళ్ళాలి, ఆ టైముకి డబ్బు ఇవ్వాలి, సమస్య ఉన్న పిల్లల ఇళ్ళనే ఏరి వెళ్ళకూడదు, మొదటిసారి వెళ్ళినప్పుడు మార్కుల ఊసు ఎత్తకుండా మీ బిడ్డ మీద మీకున్న ఆశలేంటి అని అడగాలి. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా అది తనిఖీ అయిపోతుంది. మీ స్కూల్లో ఇది కుదరకపోతే ఇంటి దగ్గరే కలవాలని లేదు, ఆ పేటలో ఎక్కడైనా వాళ్ళకి వీలైన చోట కలవండి, మన టేబుల్‌కి అవతల వైపు కాకుండా ఉంటే చాలు.

అలా వెళ్ళినవాళ్ళకి కళ్ళు తెరిపించేది ఇంకోటి ఉంటుంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో లూయిస్ మోల్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు 1992లో రాశారు, కూలి పనులు చేసుకునే మెక్సికన్ కుటుంబాల ఇళ్ళకి టీచర్లు నేర్చుకోవడానికి అన్నట్టు వెళ్తే, ఆ ఇళ్ళలో వ్యవసాయం, గనుల పని, రిపేర్లు, మందు మొక్కలు, కొనుగోలు అమ్మకాల లెక్కలు, ఇంత తెలివి ఉంది. ఆ తెలిసినదాన్ని క్లాసులోకి పాఠంగా తెచ్చారు, తల్లిదండ్రులు వచ్చి చెప్పారు. మనం సమాజ భాగస్వామ్యం అనగానే విరాళాలు, బెంచీలు, ఫంక్షన్‌కి చీఫ్ గెస్ట్ అనుకుంటాం. డబ్బు ఇవ్వగలిగినవాళ్ళే స్కూల్‌కి కావలసినవాళ్ళు అన్నట్టు అయిపోతుంది. తాపీ పని చేసే నాన్న కొలతల పాఠం రోజు వచ్చి గోడ నిట్టనిలువుగా ఉందో లేదో తూకం గుండు దారంతో ఎలా చూస్తాడో నాలుగో క్లాసు పిల్లలకి చూపిస్తే, ఆ రోజు తన కొడుకు ఎలా కూర్చుంటాడో చూడండి, వీపు నిటారుగా పెట్టి. వాళ్ళ నాన్నని ఆ రోజు స్కూలే "మాస్టారూ" అని పిలిచింది కదా.

ఇంట్లో చదివించడం గురించి ఎక్కువ చెప్పను. చదువురాని తల్లిదండ్రుల్ని హోంవర్క్ చేయించమని అడగొద్దు, అది వాళ్ళని పిల్లల ముందే చిన్నబుచ్చుతుంది. ఈరోజు ఏం నేర్చుకున్నావో నాకు చెప్పు అని అడిగి వినమనండి, పుస్తకం పెట్టుకుని బయటికి చదువుతుంటే పక్కన కూర్చోమనండి, వాళ్ళ భాషలో కథలు చెప్పమనండి. అది ఎవరైనా చేయగలరు.

కమిటీ ఉంటే దానికి నిజంగా తేల్చే పని ఏదైనా ఇవ్వండి. సంతకాలు పెట్టించుకోవడానికి పిలిస్తే రెండోసారి రారు. బడి వదిలే టైములో రోడ్డు దాటించడం ఎలా, గ్రౌండ్ ఆదివారం తెరవాలా వద్దా, లాంటి ఒకటో రెండో విషయాలు వాళ్ళకే వదిలేసి వాళ్ళు చెప్పింది చేయండి, మీకు వేరేగా అనిపించినా సరే. సభ్యుల్లో టాపర్ల తల్లిదండ్రులే నిండిపోకుండా చూసుకోండి, మధ్యలో చేరిన పిల్లల ఇళ్ళు, వేరే భాష మాట్లాడే ఇళ్ళు కూడా ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. భాగస్వామ్యం అంటే పేరెంట్ ఏం అడిగినా సరే అనడం కాదు. రాత్రి పదింటికి టీచర్‌కి వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాళ్ళు, గ్రూప్‌లో అందరి ముందూ ఒక టీచర్‌ని నిలదీసేవాళ్ళు, ఫలానా పిల్లాడి పక్కన మా పాపని కూర్చోబెట్టొద్దు అనేవాళ్ళు ఉంటారు. మొదటిదానికి ఫోన్ వేళలు పెట్టండి, రెండోదానికి పిల్లల విషయాలు గ్రూప్‌లో మాట్లాడం, వచ్చి నాతో మాట్లాడండి అని మీరే చెప్పండి, టీచర్‌ని ఒంటరిగా వదలొద్దు. మూడోదానికి మాత్రం కుదరదని మర్యాదగా, స్పష్టంగా చెప్పండి, ఎవరు అడిగినా, ఎంత పలుకుబడి ఉన్నా. మీ స్కూల్ విలువలు నిజమా కాదా అని స్టాఫ్ అంతా చూసేది ఆ రోజే, ఆ పక్కన కూర్చోవద్దన్న పిల్లాడి ఇంటివాళ్ళకి కూడా ఎలాగో తెలిసిపోతుంది.

ఇక మీ వచ్చే మీటింగ్ సంగతి. దాన్ని ఒక నెల వెనక్కి జరపండి. ఈ నెలలో ప్రతి టీచర్ రోజుకి రెండు ఇళ్ళకి మంచి వార్త ఫోన్లు చేయాలి, నలభై మంది ఉన్న క్లాసైనా పని దినాల్లో అయిపోతుంది, ఆ టైము వాళ్ళకి పీరియడ్ల మధ్యలో మీరే సర్ది ఇవ్వండి, ఇంటికెళ్ళి చేసుకోమనొద్దు. మీటింగ్‌ రోజు ఉపన్యాసాలు వద్దు, మార్కులు అందరి ముందూ చదవొద్దు, పిల్లలే తమ పని వాళ్ళమ్మానాన్నలకి చూపించేలా పెట్టండి, కుర్చీలు గుండ్రంగా వేయండి. పోయిన మీటింగ్‌లో వాళ్ళు అడిగినవి ఏమేం ఉన్నాయో, వాటిలో ఏది చేశాం, ఏది ఎందుకు చేయలేకపోయాం అని మొదటి ఐదు నిమిషాల్లో చెప్పండి. అప్పుడు కూడా అందరూ రారు, రానివాళ్ళ లిస్టు తీసుకుని మర్నాడు వాళ్ళకి ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పి, మీకు ఏ టైము వీలవుతుంది అని అడగండి. గోడ మీద రాయడం మాత్రం ఆ తర్వాతే, ఆ మీటింగ్‌లో వాళ్ళు చెప్పిన మాటల్లోంచి తీసి రాయండి, పైవాళ్ళు తొందరపెడితే కమిటీతో మాట్లాడి రాస్తున్నాం అని చెప్పండి, అది నిజమే కాబట్టి వాళ్ళు కూడా కాదనరు.